విప్పకూడని బిళ్ళ

చిన్నవెంకటమ్మ ఇంటి కొళాయిని కోసేసి పదిహేను రోజులైంది. అది కోసేస్తే చాలు, మిగతా పదమూడు ఇళ్ళలోనూ నీళ్ళు దుముకుతాయని వరసంతా అనుకున్నారు. ఏమీ దుమకలేదు. బుధవారం పొద్దున ఆరు గంటలకు మునిసిపాలిటీ నీళ్ళు వదిలినప్పుడు పిల్లప్ప తన ఇంటి ముందు కొళాయి గుంతలోకి దిగి, బిందె పెట్టి, గొంతుకూర్చుని చూశాడు. సన్నటి ధార ఒకటి బిందె అంచుకు తగిలి సగం లోపలికీ సగం మట్టిలోకీ పోయింది.

మూడు రోజులకొకసారి గంటసేపు వచ్చే నీళ్ళు అవి. ఆ గంటలో నాలుగు బిందెలు నిండితే ఆ ఇల్లు పుణ్యం చేసుకున్నట్టు. ఒత్తిడి లేక నీళ్ళు పైకెక్కడం లేదని గని కాలనీ కోరమండల్‌లోని ఆ వరస ఇళ్ళవాళ్ళందరూ వాకిలి ముందు మోకాలిలోతు గుంతలు తవ్వి కొళాయిలను కిందికి దించుకున్నారు. బంగారం కోసం రెండు మైళ్ళ లోతుకు దిగిన మనుషులు కడకు బిందెడు నీళ్ళకు కూడా గుంతలోకే దిగాల్సి వచ్చిందని పిల్లప్ప భార్య రత్నమ్మ నవ్వేది. ఈ మధ్య ఆ నవ్వు కూడా మానేసింది.

అతను బిందె ఎత్తుతుండగా చిన్నవెంకటమ్మ ఆ దారినే వచ్చింది. నెత్తిన ఒక బిందె, చంకన ఒకటి. వరసలో చివరి ఇల్లు ఆమెది. స్కూలు దగ్గరి బోరు తొట్టి నుంచి మోసుకుంటూ అందరి వాకిళ్ళూ దాటి పోవాలి. రెండు ఆవులకూ ఒక మనిషికీ రోజుకు ఎన్ని నడకలవుతాయో ఆలోచించకూడదనే పిల్లప్ప అనుకున్నాడు గానీ ఆలోచన ఆగలేదు. అందరినీ పలకరించుకుంటూ పోయే మనిషి, ఈ తొమ్మిదో ఇంటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం చూపు కాలివేళ్ళ మీదికి దించుకుని దాటిపోతుంది.

ఆమె పోయాక రత్నమ్మ వాకిట్లోకి వచ్చింది. "ఎర్రావుని అమ్మేస్తాందంట. మంగళారం పొద్దున లక్కూరోళ్ళు టెంపో తెస్తారంట. రెండిటికీ నీళ్ళు మొయ్యలేకుండాది, పాపం."

పిల్లప్ప బిందె లోపల పెట్టాడు. ఆ కొళాయి కోసింది అతనే.

కోయమన్నది మాత్రం వరసంతా కూడి. చివరింట్లో మోటారు పెట్టి లైనులో నీళ్ళన్నీ లాగేస్తున్నారని మొదట అన్నవాడు నాలుగో ఇంటి నంజుండప్ప. నా చెవులతో విన్నాను, ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మనమే పట్టుకోవాలి అన్నాడు. గని టైమాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన కేశవమూర్తి కాగితం రాస్తే పదమూడు ఇళ్ళవాళ్ళూ సంతకాలు పెట్టారు. గనిలో ఇరవై రెండేళ్ళు పైపు ఫిట్టరుగా చేసిన పిల్లప్ప రంపం పట్టుకుపోయి, వీధిలోనే ఆమె లైను కోసి, మూత బిగించి వచ్చాడు. ఇంకెవరు చెప్పినా ఒకసారి లోపలికి పోయి మోటారు ఉందో లేదో చూసేవాడే. చెప్పింది నంజుండప్ప.

గనిలో వాళ్ళిద్దరూ ఒక జట్టు. గాలి పైపయినా నీళ్ళ పైపయినా, విప్పాలంటే ఒకడు వాల్వు దగ్గరికి పోయి దాన్ని మూసేసి, తన నంబరున్న ఇత్తడి బిళ్ళను దాని చక్రానికి కట్టేవాడు. ఇంకొకడు వంద అడుగుల కింద పైపు విప్పేవాడు. బిళ్ళ కట్టిన వాల్వును ఆ బిళ్ళ మనిషి తప్ప మేస్త్రీ కూడా ముట్టకూడదు. రెండు బిళ్ళలుంటే ఇద్దరూ వచ్చి కలిసి విప్పాలి. తప్పి ఎవడైనా తొందరపడి విప్పాడా, కిందవాడి బతుకు అంతటితో సరి. పిల్లప్ప బతుకు అట్లా ఎన్ని షిఫ్టులు నంజుండప్ప బిళ్ళకు వేలాడిందో! గనులు మూతబడి పదకొండేళ్ళైనా పిల్లప్ప బిళ్ళ, నంబరు 417, తలుపు వెనక మేకుకు తాళంచెవులతో పాటు ఇంకా వేలాడుతూనే ఉంది. అలాంటివాడి మాటను సరిచూడడమంటే తిన్న కంచాన్ని అనుమానించినట్టే అనుకున్నాడు.

గురువారం పిల్లప్ప మొదట తన ఇంటి లైనే విప్పాడు. ఒత్తిడి తగ్గిందంటే పైపు పూడి ఉండాలి, లేదా పగిలి ఉండాలి, రెండూ కాకపోతే ఎవరో తాగుతుండాలి. కొళాయి తీసి, పైపులోకి సైకిల్ చువ్వ దూర్చి గీకాడు. పిడికెడు తుప్పు రాలింది, అంతే. ఆ తరువాత తల వంచుకుని వరస పొడవునా రెండుసార్లు నడిచాడు. మే నెల ఎండకు నేల బీటలు వారి ఉంది. ఎక్కడా తడి లేదు, ఒక పచ్చగడ్డి పరక లేదు. పైపు పగలలేదు. అయితే ఎవరో తాగుతున్నారు. తాగుతుందన్న ఇంటి గొంతు తాను కోసేసి పదిహేను రోజులు దాటింది.

శనివారం నీళ్ళు వచ్చే వేళకు ఒక బిందె పట్టుకుని మొదటి ఇంటి దగ్గర కూర్చున్నాడు. ప్రతి ఇంటికీ అదే బిందె, అదే నిదానమైన లెక్క. మొదటి ఇంట్లో బిందె నలభైకి నిండింది. రెండో ఇంట్లో నలభై రెండు, మూడో ఇంట్లో నలభై అయిదు. నాలుగోది నంజుండప్ప ఇల్లు. అక్కడ నూట అరవై దాకా లెక్కపెట్టాడు. అయిదో ఇంట్లోనూ ఇంచుమించు అంతే. చివరింట్లో మోటారు ఉండి ఉంటే చివరి ఇళ్ళు కదా ముందు ఎండాలి, నాలుగో ఇంటి నుంచే ఎండడమేమిటి? ఈ లెక్క ఆ కోత రోజుకు ముందు వేయాల్సింది. తన మీద తనకే కోపం వచ్చింది.

అలవాటు ప్రకారం ఆ సంగతి జట్టుగాడికే చెప్పాడు. నంజుండప్ప తన కొళాయి గుంతలో నిలబడి వేపపుల్ల నములుతున్నాడు. అతని కొళాయి నుంచి కూడా అందరిలాగే దారమంత ధార.

"పాత పైపప్పా అది, లోపలంతా తుప్పు పట్టిండాది," అన్నాడు నంజుండప్ప. "ఊరికే యాల తవ్వుకుంటావు?" మునిసిపాలిటీ కొత్త లైను వేస్తుందట, అందాకా ఓపిక పట్టాలట. పిల్లప్పకు గని వాసన ఇంకా వదల్లేదని నవ్వాడు కూడా.

పిల్లప్ప ఆరడుగుల ఇనుప కడ్డీ తెచ్చి, ఒక కొస నేలకు ఆనించి, రెండో కొసకు చెవి పెట్టి మూడో ఇంటి నుంచి అడుగడుగూ జరుగుతూ వచ్చాడు. నేలలో పైపు మాట్లాడితే ఆ కడ్డీ చెబుతుంది. నంజుండప్ప ఇంటి ముందు, బట్టలుతికే బండ పక్కన కడ్డీ ఆనించగానే చెవిలో హోరుమంది. కొళాయిలన్నీ దారాల్లా కారుతుంటే ఇక్కడ నేలకింద నీళ్ళు పరుగులు తీస్తున్నాయి. ఇక్కడ శబ్దం ఉందన్నా అన్నాడు పిల్లప్ప. అది పెద్ద రోడ్డు లైనుదని నంజుండప్ప తల తిప్పకుండానే చెప్పాడు. పెద్ద రోడ్డు అక్కడికి రెండు వందల గజాలు. పది ఇళ్ళ అవతలి మోటారు విన్న చెవులకు కాళ్ళ కింది హోరు వినబడకపోవడం పిల్లప్పకు వింతగా తోచింది. వింత అనే అనుకున్నాడు, ఇంకో మాట అనుకోవడానికి మనసు ఒప్పలేదు.

ఆ మధ్యాహ్నం నంజుండప్ప భార్యను వెంటబెట్టుకుని సుగటూరులో బంధువుల పెళ్ళికి పోయాడు. కొడుకు మోహన్‌కుమార్ ఆటోలో నీళ్ళ క్యాన్లు వేసుకుని ఊళ్ళోకి పోయాడు. ఇంటి వెనక సంపు కట్టించి, అందులో నీళ్ళు వడకట్టి క్యాన్లలో అమ్మడం అతని వ్యాపారం. బోరు వేయించామని వాళ్ళు చెప్పుకున్నారు. వరసలో సగం ఇళ్ళు తాగేది ఆ క్యాన్ల నీళ్ళే.

పిల్లప్ప గునపం తెచ్చి బండను పక్కకు జరిపాడు. కింద గని కంపెనీ కాలంనాటి వాల్వు గుంత మీద పలక ఉంది. దాని సందుల్లో మట్టి కొత్తది. పలక ఎత్తి వంగి చూశాడు. వరస పైపుకు ఒక టీ ఆకారపు జాయింటు, అందులోంచి ఇంటి వెనక్కి పోయే కొత్త పైపు, దానికో గేటు వాల్వు. సంపు పల్లంలో ఉంది కాబట్టి మోటారుతో పనే లేదు, వచ్చిన నీళ్ళు వచ్చినట్టు అటే దిగుతాయి. నీళ్ళు కారకుండా కీళ్ళకు జనపనార ఎంత కుదురుగా చుట్టారంటే ఒక్క పోగు బయటికి రాలేదు. ఆ చుట్టు చూసే పనితనం ఎవరిదో చెప్పగలడు పిల్లప్ప. ఆ అవసరం కూడా లేకపోయింది. వాల్వు చక్రానికి రాగితీగతో ఇత్తడి బిళ్ళ కట్టి ఉంది. నంబరు 388, నంజుండప్పది.

దొంగపని చేసేటప్పుడు కూడా ఆ చెయ్యి తన అలవాటు మానలేదు. వాల్వు అమర్చింది, బిళ్ళ కట్టింది. పిల్లప్ప గుంత అంచున కూలబడ్డాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైన సామెత ఎన్నోసార్లు విన్నాడు గానీ, అది ఇంత కడుపు మంటగా ఉంటుందని అరవై రెండేళ్ళు వచ్చేదాకా తెలియలేదు. కళ్ళు తుడుచుకున్నాడు. వరసను కేకేసి పిలుద్దామనుకున్నాడు, మానుకున్నాడు. తప్పు చేసినవాడికి దాన్ని దిద్దుకునే దారి ఒకటి ఉండాలి, నలుగురి ముందు కాకుండా తన ముందు దిద్దుకుంటే చాలు అనిపించింది. నంజుండప్ప మీద ఇంకా అంత ప్రేమ మిగిలే ఉంది మరి.

ఇంకొకరి బిళ్ళ ఉన్న చక్రం మీద చెయ్యి వేయడానికి అతనికి చాలాసేపు పట్టింది. బతుకులో ఎన్నడూ చేయని పని అది. వేసి, వాల్వు పూర్తిగా బిగించాడు. ఇంటికి పోయి మేకుకున్న 417ను తెచ్చి 388 పక్కనే కట్టాడు. రెండు బిళ్ళలు. ఇక నంజుండప్ప దీన్ని తెరవాలంటే తన దగ్గరికి రావాలి, ముఖాముఖీ నిలబడి అడగాలి. పలక మూసి, బండ జరిపి, చేతులు కడుక్కోకుండానే ఇంటికి పోయాడు. ఏమైందని రత్నమ్మ అడిగితే ఏమీ లేదన్నాడు.

ఆదివారం పొద్దున రెంచీ, మర తీసే డై, పైపులు కలిపే సాకెట్టు, కాస్త జనపనార పట్టుకుని చివరింటికి పోయాడు. చిన్నవెంకటమ్మ కొట్టంలో పేడ ఎత్తుతోంది. అతన్ని చూసి పార కింద పెట్టింది. అతను వీధిలోనే కూర్చుని మూత విప్పి, కోసిన కొసలకు మర తీసి, నార చుట్టి, సాకెట్టు బిగించాడు. ఎర్రావు మెడ చాచి అతని భుజం వాసన చూసింది.

"మంగళారం నీళ్ళొస్తాయమ్మా. ఆవుని పంపద్దు," అన్నాడు తల ఎత్తకుండా.

"ఎవరు చెప్పినారు?"

"నేను చెప్తాండా గదా."

తప్పు ఎక్కడుందో దొరికిందా అని అడిగింది. దొరికిందన్నాడు. ఎవరిదో చెప్పలేదు. ఆమె కూడా గుచ్చి అడగలేదు. లక్కూరువాళ్ళకు మాట ఇచ్చేశానని, అయినా నీళ్ళు వచ్చేది చూసి చెబుతానని అంది. లోపలికి రమ్మని అనలేదు, అతనూ పోలేదు.

సోమవారమంతా పిల్లప్ప తన వాకిట్లో నుంచి కదలలేదు. నంజుండప్ప రాత్రే తిరిగొచ్చాడు. బండ కింద మట్టి కదిలిన సంగతి అతని కంట పడకుండా ఉండదు. పదింటప్పుడు ఈ దారినే వచ్చాడు. పిల్లప్ప లేచి నిలబడ్డాడు. నంజుండప్ప చెయ్యి ఊపి, తిన్నావా అని అడిగి, పెళ్ళిలో భోజనాలు బాగున్నాయని చెప్పి అంగడి వైపు పోయాడు. సిగ్గుపడుతున్నాడు, సాయంత్రం వస్తాడు అనుకున్నాడు పిల్లప్ప. సాయంత్రం కూడా రాలేదు. పొద్దున నీళ్ళకు ముందు వస్తాడని సర్దుకుని పడుకున్నాడు.

మంగళవారం ఆరింటికి పిల్లప్ప గుంతలో కొళాయి దగ్గింది, గాలి వదిలింది, ఆ వెనకే నీళ్ళు బిందెను కొట్టిన చప్పుడు ఇంట్లోకి వినబడింది. రత్నమ్మ పరుగెత్తుకొచ్చింది. పదో ఇంట్లో నుంచి, పదకొండో ఇంట్లో నుంచి నవ్వులు. పిల్లప్ప బిందె వదిలేసి చివరింటి దాకా పోయి చూశాడు. చిన్నవెంకటమ్మ కొళాయికి గొట్టం తగిలించి కుడితి తొట్టిలోకి పెట్టింది. నీళ్ళు నిండుగా పడుతున్నాయి. ఆమె ముఖంలో నవ్వు లేదు గానీ, ఎర్రావు తాడు విప్పబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది. లక్కూరు టెంపో వచ్చి నిలబడి ఉంది.

అతను తన వాకిలికి తిరిగొచ్చేసరికి చప్పుడు మారింది. బిందెలో పడే ధార వంగి, సన్నబడి, అంచుకు తగలసాగింది. ఆరున్నర కూడా కాలేదు.

పిల్లప్ప పెద్ద పెద్ద అంగలేసుకుంటూ పోయాడు. ఆరో ఇంటి దగ్గర మోహన్‌కుమార్ ఎదురొచ్చాడు.

"నాయన నీకిచ్చి రమ్మన్నాడు చిన్నాయనా," అని అతని చేతిలో 417 పెట్టాడు. తీగను కటింగ్ ప్లేయరుతో నీటుగా కత్తిరించారు. పిల్లవాడి ముఖంలో ఏ వికారమూ లేదు, పెరుగు గిన్నె తిరిగిచ్చినట్టు ఇచ్చి పోయాడు.

తాను ఇంకా గనిలో కింద పైపు విప్పుతున్నట్టూ, పైన ఎవరో తన బిళ్ళ విప్పేసినట్టూ పిల్లప్పకు అనిపించింది. నంజుండప్ప అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. అది ఇద్దరం కలిసి విప్పాల్సింది కదన్నా అన్నాడు పిల్లప్ప.

"గనే మూసేసినారు, పదకొండేండ్లాయ. ఇంగ బిళ్ళేంది, విప్పేదేంది పిల్లప్పా?" నంజుండప్ప గొంతులో కోపం లేదు. "వాడూ బతకల్ల గదా."

"ఆయమ్మ ఇంట్లో మోటారు విన్నానంటివే."

"ఎవురి పేరో ఒకటి చెప్పల్ల. నువ్వు లోపలికి పోయి చూసి లేదంటావనుకున్నా, అంతటితో పోతాదనుకున్నా." కాఫీ లోటా కింద పెట్టాడు. "నువ్వే చూడకుండా కోసినావు."

పిల్లప్ప తిరిగిపోయి గునపం తెచ్చాడు. ఎవరినీ పిలవలేదు. అందరూ గుంతల్లో నిలబడి సన్నబడిన నీళ్ళను తిట్టుకుంటున్నారు, గునపం బండకు తగిలిన చప్పుడుకు ఒక్కొక్కరే వచ్చారు. పలక లేచింది. చూసినవాళ్ళు చూడనివాళ్ళకు చెప్పారు. మూడు వారాలుగా చివరింటిని తిట్టిన నోళ్ళే ఇప్పుడు నాలుగో ఇంటిని తిట్టాయి. ఇన్నాళ్ళూ మన నీళ్ళే మనం కొనుక్కు తాగామని ఎవరో నెత్తి కొట్టుకున్నారు. కేశవమూర్తి కళ్ళద్దాలు సర్దుకుని, ఇప్పుడే ఇంకో కాగితం రాస్తానన్నాడు. నంజుండప్ప లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. చిన్నవెంకటమ్మ పేరు మాత్రం ఒక్కరి నోట రాలేదు.

అప్పుడే వెనక హారను మోగింది. టెంపోకు దారి కావాలి. జనం తప్పుకున్నారు. గునపం పట్టుకుని పిల్లప్ప కూడా గోడవారకు ఒదిగాడు. టెంపో అతని పక్కనుంచి నిదానంగా పోయింది. వెనక గడ్డి మీద నిలబడి, నాలుగు కాళ్ళూ ఎడంగా ఊని, ఎర్రావు వరస వైపు చూస్తోంది.

అతను కేక వేయాల్సింది. వేయలేదు, టెంపో మలుపు తిరిగిపోయింది. వంగి, చక్రం మీదున్న 388ను విప్పాడు. అది అంత తేలికగా చేతికొస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. దాన్ని ఉతికే బండ మీద పెట్టి, వాల్వు చివరికంటా బిగించాడు.

చివరింటికి పోయేసరికి నీళ్ళు మళ్ళీ నిండుగా పడుతున్నాయి. చిన్నవెంకటమ్మ తొట్టి పక్కన నిలబడి ఉంది. కొట్టంలో రెండు గుంజలు, ఒకదానికే ఆవు.

"లక్కూరోళ్ళు నిలబడినారు. నీళ్ళు నిలిచిపోయె," అంది ఆమె. "ఒకసారి నమ్మింటి నిన్ను. రెండోసారి ఎట్ల నమ్మేది?"

అంతా నంజుండప్ప చేసిన పని అని పిల్లప్ప చెప్పబోయాడు. ఆమె చెయ్యి ఎత్తి ఆపింది.

"లోపలికి రా అన్నా. చూడు."

అతను చెప్పులు విడిచి లోపలికి పోయాడు. ఆమె ముందు నడిచి అన్నీ చూపించింది. వంటిల్లు, పొయ్యి పక్కన రాగుల డబ్బా, పాలక్యాన్లు, చీర అడ్డం కట్టిన స్నానాల మూల, కొట్టం వెనక పిడకల గోడ. ప్రతి మూలా వంగి చూపించింది. అతను ప్రతి మూలా వంగి చూశాడు.

"మోటారు లేదమ్మా," అన్నాడు.

"ఆ పొద్దు గూడా తలుపు తెరిచే పెట్టింటి. ఈ మాట అప్పుడు నీ నోట వచ్చుంటే చాలుండె."

తొట్టి పొర్లింది. చిన్నవెంకటమ్మ గొట్టం తీసి అతని చేతికిచ్చి, డ్రమ్ము దొర్లించుకొచ్చి ముందు పెట్టింది. ఏడింటికి నీళ్ళు ఆగిపోయేదాకా పిల్లప్ప ఆ గొట్టం పట్టుకుని నిలబడ్డాడు. ఆమె పొమ్మనలేదు, కూర్చోమనీ అనలేదు.